మీ ప్రశ్న - అక్క జవాబు: బొమ్మకి డబ్బులు అడిగితే తప్పా?

ప్రశ్న: అక్కా, మాది ఒడిశాలో పర్లాకిమిడి. నేను బొమ్మలు గీస్తాను. ఇక్కడ ఒక సంఘం వాళ్ళు ఏటా ఉగాదికి సావనీర్ వేస్తారు, కవర్ పేజీ, లోపలి బొమ్మలు అన్నీ నాచేతే గీయిస్తారు, ఆరేళ్ళుగా రూపాయి ఇవ్వలేదు. ఈసారి నోరు తెరిచి అడిగితే "గిడుగు రామమూర్తి పంతులు గారు ఉన్న ఊళ్ళో పుట్టి భాషకి సేవ చెయ్యడానికి డబ్బులడుగుతావా అమ్మా" అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. నాదే తప్పా?

జవాబు: నీ తప్పేం లేదు తల్లీ. వాళ్ళు పంతులు గారి పేరెత్తారు కాబట్టి ఆయన సంగతే చెప్తాను విను. 1880లో మీ ఊరి రాజావారి స్కూల్లో 30 రూపాయల జీతానికి చేరారు ఆయన. జీతంతో ఇల్లు నడుపుకుంటూ, అక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు, నిఘంటువు తయారుచేశారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చుకుని పారితోషికం ఇవ్వబోతే నాకొద్దు, ఆ డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టండి అన్నారు. ఆయన వద్దన్నారని అందరూ చెప్తారు, ముందు ప్రభుత్వం ఇవ్వబోయిందని మాత్రం ఎవరూ చెప్పరు. నీకు వద్దనే అవకాశమైనా ఎవరిచ్చారు?

సావనీర్ లెక్క ఒకసారి చూడు. డీటీపీ చేసినబ్బాయికి ఇచ్చారు, ప్రెస్సుకి ఇచ్చారు, బరంపురం నుంచి పుస్తకాల కట్టలు తెచ్చిన ఆటోకి, ఆ రోజు టెంటుకి, మైకు సెట్టుకి, భోజనాలకి అన్నిటికీ ఇచ్చారు, పైగా బట్టల కొట్టువాళ్ళ దగ్గర ఫుల్ పేజీ యాడ్‌కి డబ్బులు తీసుకున్నారు. ఆ యాడ్ ఎదురు పేజీలోనే నీ బొమ్మ, దానికి ఒక శాలువా. సేవ అయితే అందరికీ సేవే కావాలి కదా. నిజంగా సంఘం దగ్గర ఏమీ లేక అందరూ చేతి డబ్బులు వేసుకుంటుంటే అది వేరే, అప్పుడు నీకిష్టమైతే ఊరికే గీసివ్వు, నేనూ రాసిస్తాను.

నా మొదటి కథకి చిన్న మనియార్డర్ వచ్చింది. మా అమ్మకి చదువు రాదు, ఆ కూపన్ ముక్క తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టుకుంది. అంతకుముందు నేను రాత్రిళ్ళు రాసుకుంటుంటే కిరసనాయిలు దండగ అనేది, ఆ తర్వాత దీపం ఒత్తి తనే ఎగదోసేది. ఆ డబ్బు ఎంతని కాదు, మా ఇంట్లో నా రాత పని అయింది. మనవైపు పిల్లలు చాలామంది ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతున్నారు, తెలుగులో రాసే గీసే నలుగురికీ ఇంట్లో ఆ గౌరవం లేకపోతే వాళ్ళు ఎన్నాళ్ళు చేస్తారు చెప్పు.

వచ్చే ఉగాదికి పెన్సిల్ పట్టుకోకముందే ఎన్ని బొమ్మలు, ఎంత, ఎప్పుడిస్తారు అని వాట్సాప్‌లో రాయించుకో, సగం ముందే తీసుకో. ఇంకోటి, డబ్బిచ్చి గీయించుకున్న పెయింటింగ్ మీద, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ గీయించుకున్నవాళ్ళకే వెళ్తుంది, అందుకని ఈ సావనీర్‌లో ఒక్కసారి వేసుకోడానికే అని కూడా రాయించు.

ప్రశ్న: గుణుపురం నుంచి రాస్తున్నాను. ఒక యూట్యూబ్ ఛానెల్‌కి అమ్మవారి పాట రాసిచ్చాను, కాగితం ఏమీ రాసుకోలేదు. ఇప్పుడు పాట వాళ్ళదే అంటున్నారు.

జవాబు: నోటిమాటతో వాళ్ళదైపోదండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు ఇంకొకరికి వెళ్ళాలంటే రాతలో ఉండాలి, మీ సంతకం ఉండాలి. రాసిచ్చినా ఎన్నేళ్ళకో అందులో లేకపోతే 5 ఏళ్ళకే లెక్క. 2012లో చట్టం మార్చాక, హక్కు రాసిచ్చేసినా పాట రాసినవాళ్ళకి రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు పోదు. రిజిస్ట్రేషన్ చేయించలేదని కంగారు పడకండి, అది తప్పనిసరి కాదు. మీరు పాట పంపిన మెసేజీలు, చిత్తు కాగితాలు ఉంటే జాగ్రత్తగా పెట్టుకోండి, ఫోన్ మార్చేటప్పుడు ఆ చాట్ పోకుండా చూసుకోండి.