రోబోతో మనుషులు ఎలా మెలుగుతారో ఫారం నింపిస్తే తెలుస్తుందా?

ప్రాజెక్టు కోసం రోబోతో మనుషుల ప్రవర్తన చూడాలి, రోబో ఎలా అనిపించిందో అడిగే గాడ్‌స్పీడ్ ప్రశ్నావళి ఒక్కటి నింపిస్తే సరిపోతుందా అని ఒకరు అడిగారు. సరిపోదు. రెండేళ్లు ఇదే పనిలో ఉన్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను, చేతికి ఫారం ఇస్తే చాలామంది మీకు ఏం చెబితే బాగుంటుందో అదే రాస్తారు.

మా ల్యాబులో బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లకు కప్పు అందించే రోబో చెయ్యి ఒకటి ఉండేది. ఒకరోజు అరవై దాటిన ఒకావిడ వచ్చారు. చెయ్యి మొదటిసారి ముందుకు రాగానే ఒళ్లో ఉన్న చేతిసంచిని గుండెలకు హత్తుకున్నారు. రెండోసారికి కుర్చీ జానెడు వెనక్కి జరిగింది. ఐదోసారికి ఆవిడకూ బల్లకూ మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ, కప్పు కోసం నడుము వంచి, వేళ్ల చివర్లతో లాక్కుని, మళ్లీ గబుక్కున వెనక్కి వాలిపోవడం. అయ్యాక నేనే ఫారం ఇచ్చాను. అందులో ఎదురెదురు మాటలు జతలుగా ఉంటాయి, ఒక్కో జతకు 1 నుంచి 5లోపు ఒక అంకె ఎంచుకోవాలి. ‘ఆందోళనగా – ప్రశాంతంగా’ అన్న జతలో ప్రశాంతం వైపు చివరనున్న 5కి సున్నా చుట్టేశారు!

ఉండబట్టలేక, "అమ్మా, భయం వేయలేదా?" అని అడిగాను.

"వేసింది బాబూ, ఎక్కడ తగులుతుందోనని ఒకటే దడ. కానీ పాపం ఇంత కష్టపడి చేశారు కదా, కాగితం మీద అలా రాస్తే ఏం బాగుంటుంది?"

తప్పు పూర్తిగా నాది. రోబోను తయారుచేసినవాడినే ఫారం ఇచ్చి, ఆ రోబో ఎదుటే, పక్కన నిలబడి నింపించాను. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు క్లిఫర్డ్ నాస్ బృందం 1999లోనే చూపించింది, ఒక కంప్యూటర్ ఎలా పనిచేసిందని ఆ కంప్యూటరే అడిగితే జనం ఎక్కువ మెచ్చుకున్నారు, అదే ప్రశ్న ఇంకో కంప్యూటర్ మీద వస్తే మెప్పు తగ్గింది. కంప్యూటర్ దగ్గరే ఇంత మొహమాటముంటే, కళ్లెదుట కదిలే యంత్రమూ దాన్ని చేసిన మనిషీ ఉన్నచోట ఎంత ఉంటుందో ఆలోచించండి.

గాడ్‌స్పీడ్ మీద నా కోపం ఇంకొకటుంది. 2009లో బార్ట్‌నెక్ బృందం ఐదు విడి స్కేళ్లుగా ఇచ్చిన 24 జతలవి. మనిషిలా ఉందా, ప్రాణమున్నట్టుందా, నచ్చిందా, తెలివిగా ఉందా, భద్రంగా అనిపించిందా. ఈ ఐదింటినీ కలిపేసి ఒకటే సగటు తీసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది, నచ్చడానికీ భద్రతకూ సగటేమిటి? ‘కృత్రిమం – సజీవం’ జత మొదటి రెండు స్కేళ్లలోనూ ఉంది, "ఇందాక నింపాను కదా" అని ప్రతి మూడోవాళ్లూ అడుగుతారు. సగం దాటాక విసుగొచ్చి వరసగా 3లు పెట్టుకుంటూ పోతారు.

కాళ్లూ చేతులూ చెప్పేది వేరు. 2016లో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక భవనంలో పొగ వదిలి, ఫైర్ అలారం మోగించి, దారి చూపే రోబోను నిలబెట్టారు. 26 మందికి 26 మందీ దాని వెంటే వెళ్లారు, అంతకుముందే అది దారి తప్పడం చూసినవాళ్లతో సహా. ‘ఈ రోబోను నమ్ముతారా’ అని ముందే కాగితం మీద అడిగి ఉంటే ఈ సంగతి బయటపడేదా? నాకైతే నమ్మకం లేదు.

ప్రశ్నావళి మానేయమని కాదు. రోబో కనపడని గదిలో, దానితో సంబంధం లేని మనిషి చేత ఇప్పించండి. భద్రత గురించిన మూడు జతలనూ రోబోను చూడకముందు ఒకసారి, తర్వాత ఒకసారి నింపించండి, ఎందుకంటే కొందరు లోపలికి రావడమే టెన్షన్‌తో వస్తారు. కుర్చీ కాళ్ల దగ్గర నేల మీద టేపు అంటించి, ఎన్ని అంగుళాలు జరిగిందో ప్రతిసారీ రాసుకోండి. కుర్చీ జరిగినా ఫారంలో 5 పెట్టినవాళ్లు తేలతారు కదా, వాళ్లను విడిగా కూర్చోబెట్టి ఒక పది నిమిషాలు మాట్లాడండి.