వైజాగ్‌లో పాత జపనీస్ స్పోర్ట్స్ కారా? ఇంజిన్ సంగతి తర్వాత, ముందుగా రేకు చూడండి

మీరడిగింది ఇదీ: సముద్రం ఒడ్డున లాసన్స్ బే కాలనీలో అపార్ట్‌మెంట్, కింద స్టిల్ట్ పార్కింగ్. బెంగళూరులో 1990 మోడల్ మాజ్దా రోడ్‌స్టర్ అమ్మకానికి వచ్చింది, మియాటా అని పిలుస్తారే, అదే. ఈ రోజుల్లో అలాంటి పాత జపనీస్ స్పోర్ట్స్ కారు కొనడం డబ్బు దండగా? సముద్రానికి దూరంగా పెందుర్తిలో అత్తగారింట్లో తలుపులున్న షెడ్డు ఖాళీగా ఉందని చివర్లో మాటవరసకి రాశారు. నన్నడిగితే మీ ప్రశ్న మొత్తంలో పనికొచ్చే సమాచారం ఆ షెడ్డు ఒక్కటే.

కారు కొనడం దండగ కాదు. దాన్ని లాసన్స్ బేలో పెట్టడం దండగ.

నమ్మకం కుదరకపోతే బాల్కనీలోకి వెళ్లి మీ ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక వైపు చూడండి. అల్యూమినియం రెక్కలు వేలు తగిలితే పొడిగా రాలుతుంటాయి. కిటికీ గ్రిల్ రెండేళ్లకోసారి రంగు అడుగుతుంది. సముద్రం నుంచి వచ్చే ఉప్పు తేమ స్టిల్ట్ పార్కింగ్‌లో ఒక పక్క నుంచి దూరి ఇంకో పక్క నుంచి పోతుంది, పోతూ పోతూ కారు అడుగున పొరలా కూర్చుంటుంది. అక్కడ ఎండ తగలదు కాబట్టి ఆరదు. పోర్టు వైపు ఇళ్లవాళ్లకైతే దీనికి తోడు నల్ల దుమ్ము, అది తేమని ఇంకా పట్టి ఉంచుతుంది. ఇప్పటి కార్ల రేకుకి జింకు పూత ఎక్కువ, పైగా బాడీ బోలు భాగాల్లో మైనం కొట్టి పంపుతారు. 35 ఏళ్ల కిందటి కారుకి ఆ రక్షణ ఉన్నా అది ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది.

ఇంటర్నెట్లో ఈ కార్ల గురించి రాసేవాళ్లలో నూటికి తొంభై మంది హార్స్‌పవర్ గురించే రాస్తారు. 1.6 లీటర్ల ఇంజిన్, దాదాపు 120 పీఎస్, టన్ను లోపు బరువు, వెనక చక్రాల డ్రైవ్: అవన్నీ నిజమే, భీమిలి రోడ్డు మీద బాగానే ఉంటుంది. కానీ ఆ ఇంజిన్ మీ చేతిలో చావదు. చచ్చేది సిల్. అంటే తలుపు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పెట్టెలా ఉండే రేకు భాగం. పైకప్పు లేని కారు కదా, మామూలు కారులో టాప్ మోసే బరువు కూడా ఇందులో సిల్సే మోస్తాయి. అవి పోతే కారు మధ్యలో వంగుతుంది, తలుపులు సరిగ్గా పడవు.

బెంగళూరు వెళ్లినప్పుడు ఏం చేయాలో చెప్తాను. కారు ర్యాంప్ మీదకి ఎక్కించకముందే, గుడ్డ టాప్‌ని సగం వెనక్కి మడిచి, సీట్ల వెనక రెండు మూలల్లో చూడండి. టాప్ మీద పడ్డ వాన నీళ్లు దిగడానికి ఒక్కో పక్క ఒక్కో గొట్టం ఉంటుంది, అది వెనక చక్రానికి కాస్త ముందు కారు కింద తెరుచుకుంటుంది. అర లీటరు మంచినీళ్ల సీసాతో మెల్లగా పోయండి. కొన్ని సెకన్లలో కింద నేల మీద ధార పడాలి. పడకపోతే గొట్టం ఆకులతో, మట్టితో మూసుకుపోయినట్టే. అప్పుడు ఆ నీళ్లెక్కడికి పోతాయి? సిల్ లోపలికి, కార్పెట్ కిందకి. సీటు వెనక కార్పెట్ మీద అరచెయ్యి గట్టిగా నొక్కితే చల్లగా తడి తగులుతుంది. కారు ఇప్పుడే కడిగామని ఓనర్ చెప్పినా ఆ తడి అబద్ధం చెప్పదు. మూసుకుపోయిన గొట్టంలో ఇనుప తీగ పెట్టి పొడిచేరు, చిరుగుతుంది. గడ్డి కోసే మిషన్లో వాడే మందపాటి నైలాన్ తీగైతే చాలు.

ఇప్పుడు వెనక చక్రానికి ముందు సిల్ కింది మూల. బొటనవేలితో నొక్కుతూ రండి. రంగు కింద చిన్న బొబ్బలు చేతికి తెలిస్తే లోపల రేకు అప్పటికే తినేసి ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ తుప్పు లోపల్నుంచి బయటికి వస్తుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లండి: మంచి రేకు టంగుమంటుంది, పుట్టీ ఉన్నచోట డబ్బుమని చప్పగా వినిపిస్తుంది. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి ఆనించండి, జారిపోతే అక్కడ ఇనుము లేదు. సిల్ అడుగు అంచున నీళ్లు కారిపోవడానికి చిన్న చిన్న కంతలుంటాయి, అవి తెరిచి ఉన్నాయో లేదో చూడండి. ర్యాంప్ ఎక్కాక కారు కింద ముందు నుంచి వెనక్కి పోయే రెండు బోలు రేకు పట్టీలు (ఫ్రేమ్ రెయిల్స్) నలిగాయేమో చూడండి. తెలియనివాళ్లు జాకీ అక్కడ పెట్టి ఎత్తడం వల్ల చదునవుతాయి. కాస్త నలిగితే భయం లేదు. నలిగినచోట చీలి తుప్పు పట్టిందా, అప్పుడు భయం.

అడుగంతా కొత్తగా నల్లటి అండర్‌బాడీ కోటింగ్ మెరుస్తుంటే బేరం ఆపేయండి. ఇది నా పాత ఫిర్యాదు. మన టింకరింగ్ షాపుల్లో తుప్పుకి మందు అంటే ఈ తారు పూతే. గీకరు, కొయ్యరు, ఉప్పు కడగరు, తుప్పు మీదే కొట్టేస్తారు. అది ఎండి పగులుతుంది, పగుల్లోంచి నీళ్లు దూరతాయి, బయటికి రావు. పైగా నీళ్లు కారే ఆ కంతల్ని కూడా మూసేస్తుంది. ఆరు నెలలు కారు అందంగా ఉంటుంది, అమ్ముకోవడానికి సరిగ్గా ఆ గడువు చాలు. నిజంగా చేయాల్సిన పని వేరు: పాడైన భాగం మంచి రేకు తగిలేదాకా కోసేసి, లోపలి పొరలు కూడా కొత్తవి వేసి, పై రేకు చివర్లో వెల్డింగ్ చేయాలి. కోసేటప్పుడు బాడీ వంగకుండా కారుని సరైన పాయింట్ల మీద నిలబెట్టి, తలుపుల సందులు మధ్యమధ్యలో కొలుస్తుండాలి. పై రేకు ఒక్కటీ మార్చి ‘సిల్ కొత్తది సార్’ అనేవాళ్లకి డబ్బులివ్వకండి.

బెంగళూరు కారు వద్దనుకుని వైజాగ్‌లోనే ఏదో ఒక పాత కారు చూసుకుంటే, 2014 అక్టోబర్ 12న అది ఎక్కడుందో అడగండి. హుద్‌హుద్ తుఫానులో చెట్లూ రేకులూ మీద పడి, నీళ్లలో నాని, తర్వాత పుట్టీతో ‘బాగైన’ కార్లు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చివరి అడుగు చూడండి, బురద గీత అక్కడ మిగిలిపోతుంది.

ఇంజిన్ గురించి త్వరగా. 1990 కారంటే మొదటి తరం క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు. దాని ముక్కు పొట్టి, దాని మీదుండే పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) బోల్టు వదులైతే, పుల్లీని ఇరుసుకి పట్టి ఉంచే కీ గాడి అరిగిపోయి పుల్లీ ఊగుతుంది, కారు బలం తగ్గుతుంది. బానెట్ తీసి పుల్లీ ముఖం చూడండి: నాలుగు చీలికలుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే తర్వాత వచ్చిన పొడుగు ముక్కు. ఇంజిన్ నడుస్తుండగా పుల్లీ అంచు అటూ ఇటూ ఆడితే వదిలేయండి. ఆడకపోతే పొట్టి ముక్కైనా పర్వాలేదు, ఆ బోల్టుని మాత్రం ఎవరినీ ఊరికే కదపనివ్వొద్దు. టైమింగ్ బెల్టు లక్ష కిలోమీటర్లకి మార్చాలని కంపెనీ లెక్క. మన వేడికి కిలోమీటర్లు కాదు, అయిదేళ్లు లెక్కపెట్టుకోండి. తెగినా ఈ 1.6 ఇంజిన్లో వాల్వులు పిస్టన్‌కి తగలవు, రోడ్డు పక్కన ఆగిపోతారంతే. బెల్టు తీసినప్పుడు టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంపు, రెండు క్యామ్ సీళ్లు, ముందు క్రాంక్ సీలు ఒకేసారి మార్పించండి. కూలీ ఒకసారే అవుతుంది.

ఇంకొకటి, దీని మీద మన మెకానిక్కులు చాలా డబ్బు వృథా చేయిస్తారు. ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ కలిసేచోట ఆయిల్ కారుతుంటే వెంటనే ‘వెనక క్రాంక్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి’ అంటారు. ఎక్కువసార్లు తప్పు దానిది కాదు. సిలిండర్ హెడ్ వెనక క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది, దాని ఓ-రింగు గట్టిపడి ఆయిల్ అక్కణ్నుంచి కిందికి కారుతుంది. ముందు సెన్సర్ ఉన్న స్థానాన్ని తెల్ల పెయింట్‌తో గుర్తు పెట్టి, 12 నంబరు పానాతో విప్పి, రబ్బరు ఉంగరం మార్చి, అదే గుర్తుకి బిగించాలి. గుర్తు పెట్టకపోతే టైమింగ్ తప్పుతుంది. అప్పుడు డయాగ్నసిస్ పెట్టెలో TEN, GND అని రాసున్న పిన్నుల్ని తీగతో కలిపి, టైమింగ్ లైటు పెట్టి 10 డిగ్రీలకి తెచ్చుకోవాలి. గేర్‌బాక్స్‌లో జీఎల్-4 రకం 75డబ్ల్యూ-90 ఆయిల్, రెండు లీటర్లు. షాపులో చేతికందే ఈపీ-90 చాలావరకు జీఎల్-5, అది డిఫరెన్షియల్‌కి సరే, గేర్‌బాక్స్‌లో పోస్తే గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకి మంచిది కాదు. డబ్బా మీద చదివి కొనండి, మెకానిక్ మాట మీద కాదు.

పెట్రోలు. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్. 1990ల రబ్బరు దానికి తయారైంది కాదు, ఉబ్బి, మెత్తబడి, చివరికి చీలుతుంది. కారు చేతికొచ్చిన మొదటి వారంలోనే ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఉన్న రబ్బరు పైపులన్నీ మార్చండి. పైపు మీద జే30 ఆర్9 అని అచ్చు ఉండాలి, వెర్నియర్‌తో పాత పైపు లోపలి కొలత చూసుకుని అదే సైజు తీసుకోండి. క్లిప్పులు పళ్లున్నవి కాకుండా నున్నగా చుట్టూ సమంగా బిగించేవి వేయించండి. నెలల తరబడి నిలబెడితే ట్యాంకు నింపి ఉంచండి. ఇథనాల్ తేమని పీలుస్తుంది, సగం ఖాళీ ట్యాంకులో ఆ తేమ అడుక్కి దిగి లోపల్నుంచి తుప్పు మొదలవుతుంది. బ్రేకు, క్లచ్ ఫ్లూయిడ్‌ది కూడా ఇదే గుణం. డాట్ 4 పోసి ఏడాదికోసారి మార్చండి, లేకపోతే క్లచ్ స్లేవ్ సిలిండర్ లోపల గుంటలు పడి కారడం మొదలెడుతుంది.

ఏసీ గురించి పెద్దగా ఎవరూ రాయరు గానీ, ఏప్రిల్‌లో మన ఊళ్లో టాప్ దించి నడిపే మనిషిని చూపించండి చూద్దాం. ఆ ఏడాది కార్లలో ఆర్12 గ్యాస్. అది ఇప్పుడు దొరకదు, ఆర్134ఏకి మార్చాలి. గ్యాస్ మార్చడం అంటే పాత గొట్టంలో కొత్త గ్యాస్ ఎక్కించడం కాదు: పాత మినరల్ ఆయిల్ కడిగి ఎస్టర్ ఆయిల్ పోయాలి, ఓ-రింగులన్నీ ఆకుపచ్చ రకానికి మార్చాలి, తేమ పీల్చే రిసీవర్ డ్రైయర్ కొత్తది వేయాలి, గ్యాస్ పాత లెక్కలో 80, 85 శాతమే ఎక్కించాలి. నిండా ఎక్కిస్తే ప్రెజర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది.

టైర్లకి బెంగ లేదు. 185/60 ఆర్14, మామూలు షాపులో దొరికే సైజు. స్పేర్లు విదేశం నుంచి తెప్పించుకోవాలి గానీ కరువు లేదు, మాజ్దా 2018 నుంచి జపాన్‌లో ఈ మొదటి తరం రోడ్‌స్టర్లని పునరుద్ధరించే పని చేస్తోంది, ఆగిపోయిన కొన్ని పార్టులు మళ్లీ తయారుచేసింది. సుప్రా, స్కైలైన్ జీటీ-ఆర్ వాళ్లకి కూడా టొయోటా, నిస్సాన్ ఇలాగే కొన్ని పార్టులిస్తున్నాయి. ధరలు వింటే మాత్రం ఆ కార్ల సరదా తీరిపోతుంది.

కాగితాల దగ్గర తొందరపడొద్దు. వాడిన కారు మన దేశంలోకి దిగుమతి చేయాలంటే అది మూడేళ్లలోపుది అయ్యుండాలి. 2025లో నిబంధన సడలించింది 50 ఏళ్లు దాటిన వాటికే. కాబట్టి 1990 కారుని ‘జపాన్ నుంచి తెప్పిస్తాం’ అనేవాళ్లతో మాట్లాడకండి. ఇప్పటికే ఇక్కడున్న కారుకైతే అసలు దిగుమతి కాగితం, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ అడగండి. అందులోని ఛాసిస్ నంబరు, ఆర్‌సీలోది, కారు మీద కొట్టింది మూడూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. వేరే కారు ఆర్‌సీ తగిలించిన ఇంపోర్టెడ్ బళ్లు దేశంలో చాలానే తిరుగుతున్నాయి. స్టీరింగ్ కుడివైపే ఉందని కూడా ఫోన్లోనే తేల్చుకోండి. 20 ఏళ్లు దాటిన ఇంపోర్టెడ్ కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టు నుంచి 80,000 రూపాయలు, జీఎస్టీ వేరు, అయిదేళ్లకోసారి. కర్ణాటక నుంచి ఎన్‌ఓసీకి ఫారం 28, ఇక్కడ మన లైఫ్ ట్యాక్స్. ఆర్‌సీ గడువు ఎప్పటిదాకా ఉందో చూసి, ఆ 80,000 ఎవరు కట్టాలో బేరంలోనే తేల్చేయండి.

ఇంత గొడవ ఎందుకనుకుంటే 2000 తర్వాత వచ్చిన హోండా సిటీ 1.5 వీటెక్ చూసుకోండి. ముందు చక్రాల డ్రైవే అనుకోండి, కానీ 106 పీఎస్ ఇంజిన్, ఇంపోర్టెడ్ ఫీజు లేదు, ఆటోనగర్‌లో దాన్ని విప్పి బిగించిన చేతులున్నాయి. అందులోనూ వెనక చక్రాల మీది రేకు అంచు లోపల వేలు పెట్టి చూడాల్సిందే.

రోడ్‌స్టరే కావాలంటే, కాగితాలూ సిల్సూ బాగుంటే కొనండి, కానీ పెందుర్తి షెడ్డులో పెట్టండి. ఫిబ్రవరిలో గాలి పొడిగా ఉన్నప్పుడు సిల్స్‌లో మైనం కొట్టించండి, వానాకాలంలో కొట్టిస్తే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. పొడవాటి గొట్టానికి చుట్టూ చిమ్మే నాజిల్ ఉండాలి, ఒక్కో పక్క అర లీటరైనా పోవాలి, అడుగు కంతల్లోంచి చుక్కలు కారేదాకా. కారింతర్వాత ఆ కంతలు తీగతో మళ్లీ తెరవండి. బీచ్ రోడ్డుకి తీసుకెళ్లిన ప్రతిసారీ అడుగు కడగండి, అదీ కుళాయి నీళ్లతో. తీరం దగ్గరి బోరు నీళ్లు ఉప్పుగా ఉంటాయి, వాటితో కడిగితే ఉప్పుని ఉప్పుతో కడిగినట్టే. కడిగాక పక్కన పెట్టేయకుండా ఒక పాతిక కిలోమీటర్లు నడిపి ఆరబెట్టండి. ప్లాస్టిక్ కవరు కప్పొద్దు. అత్తగారికి తాళం ఇంకోటి ఇచ్చి ఉంచండి, వారానికోసారి షెడ్డు తలుపు ఓ పూట తీసి పెట్టమనండి.