బస్సు దిగి కొండెక్కే దారులు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మేమిద్దరమూ ఉద్యోగ విరమణ చేసినవాళ్లం. సొంత బండి లేదు. విజయవాడ నుంచి ఆర్టీసీ బస్సులో వెళ్లి, కొండదారిలో రెండు మూడు గంటలు నడిచి, పొద్దు కుంకేలోగా ఇంటికి చేరగలిగే చోటు ఏదైనా సూచిస్తారా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం

జవాబు: మీ అవసరానికి కొండపల్లి సరిగ్గా సరిపోతుంది. నగరం నుంచి సుమారు 20 కిలోమీటర్లు. సిటీ బస్సులే కాక, ఇబ్రహీంపట్నం మీదుగా మైలవరం, తిరువూరు వైపు సాగే పల్లెవెలుగు బస్సులు కూడా ఊళ్లో ఆగుతాయి కాబట్టి, తిరుగు ప్రయాణానికి ఒక బస్సు తప్పినా మరొకటి దొరుకుతుంది. కొండదారిని ఎంచుకునేటప్పుడు మొదట చూసుకోవలసింది ఇదే. కొండ ఎంత ఎత్తు, పైన ఏముంది అన్న ప్రశ్నల కంటే, దిగివచ్చాక ఎక్కవలసిన బస్సు ఏది, అది తప్పితే ఆ తరువాతిది ఏది అన్న ప్రశ్నకు ముందుగా సమాధానం ఉండాలి.

ఊళ్లో దిగి ‘ఖిల్లాకు దారి’ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఘాట్ రోడ్డు వెంట నడవవచ్చు, ఆటోలో కూడా పోవచ్చు. ఎక్కేటప్పుడు కష్టపడేది ఊపిరి, దిగేటప్పుడు కష్టపడేవి మోకాళ్లు. అరవై దాటినవారికి రెండవదే ఎక్కువ బాధ పెడుతుంది గనుక, ఉదయపు చల్లదనంలో నెమ్మదిగా నడిచి ఎక్కి, దిగేటప్పుడు ఆటో మాట్లాడుకోవడం మేలు. చాలామంది ఇందుకు తలకిందులుగా చేసి మరునాడు మెట్లు దిగలేక అవస్థ పడతారు. పైన దర్గా దర్వాజా, తానీషా మహలు చూసి రావడానికి గంటన్నర పడుతుంది. చుట్టూ ఉన్నది రిజర్వు అటవీ ప్రాంతం. అటవీశాఖ అనుమతి లేకుండా బాట వదిలి లోపలికి పోవద్దు. బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర దొరికేది ఆ కొండల్లోనే. కిందికి వచ్చాక బస్సుకు వ్యవధి ఉంటే బొమ్మల కాలనీలో ఆ కర్రను చెక్కి, రంగులు వేసే పనిని చూడవచ్చు.

ప్రశ్న: గుంటూరు నుంచి కొండవీడుకు కారుల్లో వెళ్లినవారు ఘాట్ రోడ్డు గురించే చెబుతున్నారు. బస్సులో వెళ్లి నడిచి ఎక్కడం సాధ్యమేనా? ఒక పూట చాలుతుందా?
– ఒక ఉపాధ్యాయుడు, బ్రాడీపేట

జవాబు: సాధ్యమే, కానీ ఒక పూట చాలదు, రోజంతా కేటాయించుకోండి. గుంటూరు నుంచి దూరం పాతిక కిలోమీటర్ల ప్రాంతమే అయినా, కొండపల్లికి ఉన్నంత బస్సుల సౌకర్యం ఇక్కడ ఉండదు. నరసరావుపేట వెళ్లే బస్సు ఎక్కి ఫిరంగిపురంలో దిగితే, అక్కడి నుంచి ఆటోలో కొండవీడు గ్రామం చేరవచ్చు. గ్రామం దాకా వెళ్లే బస్సుల వేళలను బయలుదేరే ముందురోజే బస్టాండులోని విచారణ కౌంటరులో కనుక్కోండి. ఊళ్లో దిగేముందు, సాయంత్రం చివరి బస్సు ఎప్పుడని కండక్టరునూ అడగండి. అతడు చెప్పిన చివరి బస్సును కాక, దానికి ముందు వచ్చే బస్సును మీ బస్సుగా లెక్కవేసుకోండి. పల్లెల్లో చివరి బస్సు చాలాసార్లు నైట్ హాల్టు బస్సే అవుతుంది. అంటే ఆ రాత్రి ఊళ్లోనే నిలిచి, తెల్లవారి మొదటి ట్రిప్పుగా బయలుదేరుతుంది. చీకటి పడ్డాక ఊళ్లోకి వచ్చే బస్సును చూసి, అది వెనక్కి తీసుకుపోతుందని భరోసా పెట్టుకోకూడదు.

కొండవీడులో బస్సు ప్రయాణికుడికి, కారు యజమానికి దక్కని ఒక సౌలభ్యం ఉంది. కారు ఎక్కడ నిలిపితే అక్కడికే తిరిగి రావాలి. మీకు ఆ బంధం లేదు. పాత రాతి మెట్లదారిలో ఎక్కి ఘాట్ రోడ్డు వెంట దిగవచ్చు. రెండు దారుల్లో రెండు రకాల కొండ కనబడుతుంది. మెట్లదారి నిటారుగా ఉన్నా నీడ పట్టున సాగుతుంది, కొన్నిచోట్ల రాళ్లు కదులుతాయి, వాన కురిసిన మరునాడు నాచు పట్టి జారుతాయి. ఘాట్ రోడ్డు నడకకు సుఖమే గాని, పదకొండు దాటాక తారు వేడి పాదాలకు తెలుస్తుంది. అందుకని ఎక్కడానికి మెట్లు, దిగడానికి రోడ్డు అన్న వరుసే మంచిది.

పైకి చేరినవారు బురుజుల దగ్గర ఫొటోలు తీసుకుని తిరిగివస్తుంటారు; ఎక్కువసేపు చూడవలసినవి మాత్రం చెరువులు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అనే మూడింటిని, ఒకటి నిండి పొంగిన నీరు మరొకదానిలో చేరేలా కొండమీదనే అమర్చారు. అద్దంకి నుంచి రాజధానిని రెడ్డిరాజులు ఇక్కడికి మార్చడం, 1424 వరకు ఇక్కడి నుంచే పాలించడం చదువుకున్న సంగతే. అంత ఎత్తున సైన్యమూ పరివారమూ ఏం తాగి బతికారన్న ప్రశ్నకు సమాధానం ఈ చెరువుల దగ్గర దొరుకుతుంది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని పట్టుకున్నాడు. మెట్లదారిలో సగం ఎక్కి వెనుదిరిగి చూస్తే, ఆ ముట్టడి ఎంత కష్టమో ఊహకు అందుతుంది. కారులో వెళ్లినవారికి అది తెలియదు. మనిషికి రెండు లీటర్లకు తక్కువ కాకుండా నీళ్లు మోసుకెళ్లండి. ఆ చెరువుల నీళ్లు తాగడానికి కాదు.

ప్రశ్న: మేమిద్దరం కళాశాల విద్యార్థినులం. ఉచిత బస్సులో వెళ్లి మెట్లదారి ఎక్కాలని కోరిక. ఇంట్లో భయపడుతున్నారు. ఎక్కడికి వెళ్లమంటారు?
– ఇద్దరు పాఠకురాళ్లు, విజయవాడ

జవాబు: మొదటిసారికి మంగళగిరి వెళ్లండి. పానకాల స్వామి కొండకు 1890లో చన్నాప్రగడ బలరామదాసు కట్టించిన మెట్లదారిలో భక్తులు ఎప్పుడూ కనబడుతూనే ఉంటారు. జనసంచారం ఉండడమే మీ ఇంట్లోవారి భయానికి తగిన సమాధానం. రాత్రిపూట దేవతలు స్వామిని అర్చిస్తారన్న నమ్మికతో పై ఆలయాన్ని సాయంత్రం కాకముందే మూసివేస్తారు. ఉదయం ఏడింటికల్లా మెట్ల దగ్గర ఉంటే ఎండా తగలదు, దర్శనమూ దొరుకుతుంది. పై శిఖరాన ఉన్న గండాలయ్య దీపం దాకా పోవాలంటే దారి ఇంకా నిటారు. ఒంట్లో ఓపిక ఎంత మిగిలిందో పానకాల స్వామి గుడి దగ్గరే తేల్చుకోండి.

బస్సు విషయంలో ఒక జాగ్రత్త. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకే వర్తిస్తుంది. విజయవాడ, గుంటూరు మధ్య తిరిగే నాన్‌స్టాప్ బస్సులకు అది వర్తించదు, పైగా ఆ బస్సులు మంగళగిరిలో ఆగవు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపి, సున్నా టికెట్టు అయినా సరే, అడిగి తీసుకోండి. నడకలో కాస్త అనుభవం వచ్చాక నరసరావుపేట మీదుగా కోటప్పకొండ వెళ్లవచ్చు. అక్కడా మెట్లదారి, ఘాట్ రోడ్డు రెండూ ఉన్నాయి. పైన త్రికోటేశ్వరుని గుడి దాటి రుద్ర శిఖరం మీది పాత కోటయ్య గుడికి ఎక్కితే మూడు శిఖరాల అమరిక కళ్లకు కడుతుంది. శివరాత్రికి ప్రభలు చూడడానికి వెళ్లండి గాని, నడక కోసం ఆ రోజుల్లో వెళ్లకండి.

ప్రశ్న: ఏడేళ్ల పిల్లవాడితో నడవగలిగే చదునైన దారి ఉందా?
– ఒక పాఠకుడు, వన్‌టౌన్

జవాబు: ఉంది. 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ పొడవు కిలోమీటరుకు కాస్త పైన. దాన్ని నడిచి దాటి, సీతానగరం మీదుగా ఉండవల్లి గుహల దాకా వెళ్లండి. గుహలో కొండరాతిలోనే మలచిన, శయనించిన అనంతపద్మనాభుని పిల్లవాడు మరచిపోడు. తిరిగి రావడానికి అమరావతి వైపు నుంచి వచ్చే బస్సులు ఉంటాయి. బ్యారేజీ మీద వాహనాలు దగ్గరగా పోతాయి గనుక చెయ్యి వదలవద్దు.

ప్రశ్న: ఈ కొండల్లో పాముల భయం ఎంత? ఏ నెలల్లో వెళ్లాలి?
– ఒక పాఠకుడు, పొన్నూరు

జవాబు: నాగుపాము, రక్తపింజర రెండూ మన ప్రాంతపు గుట్టల్లో ఉన్నాయి. చీలమండ కప్పే బూట్లు వేసుకుని, చేతికర్రతో గడ్డిని తట్టుకుంటూ నడిస్తే చాలావరకు అవే తప్పుకుంటాయి. చేయి పెట్టబోయే రాతి సందును చూడకుండా పట్టుకోవడమే అసలు ప్రమాదం. ఒకవేళ కాటు పడితే గట్టిగా కట్టు కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం, మంత్రగాడి కోసం వెతకడం ఇవేవీ చేయకూడదు. కాటు పడ్డ అవయవాన్ని కదలనీయకుండా ఉంచి, 108కు ఫోను చేసి, విషానికి విరుగుడు మందు దొరికే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. నడకకు నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి చివరి దాకా అనువైన కాలం. నవంబరులో తుపాను హెచ్చరిక వెలువడితే ప్రయాణం మానుకోండి. డిసెంబరులో ఆరు కాకముందే పొద్దు కుంకుతుంది కాబట్టి మూడు గంటలకల్లా దిగడం మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో ఈ కొండరాళ్ల మీద పగటి నడక ఎవరికీ తగదు.