తీరప్రాంత వన్యప్రాణి సంరక్షణలో ఉద్యోగాలు: ఒక తండ్రి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. ఈ ఏడాది కాలేజీ వాళ్లతో కలిసి మన జిల్లా తీరంలో తాబేళ్ల గుడ్లను కాపాడి పొదిగించే హేచరీకి వెళ్లి వచ్చింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన సముద్ర తీరంలో ఉన్న వన్యప్రాణి ఆశ్రయంలో స్థానికులకూ బడిపిల్లలకూ కార్యక్రమాలు నడిపే ఉద్యోగాలు ఉంటాయని చదివి, తానూ అలాంటి పనే చేస్తానంటోంది. నేను బీఈడీ చేయమంటున్నాను. అది అసలు ఉద్యోగమేనా? దానితో బతకవచ్చా? ఆడపిల్ల రాత్రిళ్లు సముద్రం ఒడ్డున తిరగవలసి వస్తుందా?

సమాధానం:

అయ్యా, అది ఉద్యోగమే. అయితే మన ప్రాంతంలో అది అదే పేరుతో, అదే రూపంలో దొరకదు. అందుచేత ముందుగా మీ అమ్మాయి చెబుతున్న ఆ అమెరికా ఆశ్రయం గురించి కొంత చెబుతాను.

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం దక్షిణ భాగంలోని డాన్ ఎడ్వర్డ్స్ ఆశ్రయానికి 1972లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. నగరాల నడుమ ఆ దేశంలో ఏర్పడిన తొలి జాతీయ వన్యప్రాణి ఆశ్రయాల్లో అదొకటి. చిత్తడి నేలలు పూడుకుపోతుంటే చుట్టుపక్కల నివసించే పౌరులు ఏళ్ల తరబడి పట్టుబట్టి దానిని సాధించుకున్నారు. 2003లో ప్రభుత్వాలు ఉప్పు కంపెనీ నుంచి కొన్న 15,100 ఎకరాల మడులను మళ్లీ సహజమైన చిత్తడి నేలలుగా మార్చే పని అక్కడ ఇప్పటికీ సాగుతోంది. గట్లు తెంచి సముద్రపు పోటును లోపలికి రానివ్వడం ఆ పనిలో ఒక భాగం. కానీ ఉప్పు మడుల మీదే ఆధారపడిన పక్షులు కూడా ఉన్నాయి కనుక కొన్ని మడులను మడులుగానే ఉంచారు. ఇటువంటి నిర్ణయాలను పక్కనున్న పట్టణాల ప్రజలకు వివరించడం, పిల్లలను తీసుకువచ్చి బురదలోని జీవులను చూపించడం, స్వచ్ఛందంగా వచ్చినవారి చేత మొక్కలు నాటించడం అక్కడ జీతమిచ్చి చేయించే పనులు.

ఉప్పు మడులు అనగానే మీకు నౌపడా గుర్తుకు వచ్చే ఉంటుంది. దానికి దగ్గరలోనే, టెక్కలి మండలం తేలినీలాపురంలో, గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఊరి చింతచెట్ల మీద గూళ్లు కట్టి నౌపడా తంపర అనే చిత్తడి నేలలో మేస్తాయి. అవి వస్తేనే ఊరికి మంచిదని నమ్మి గ్రామస్థులు తరతరాలుగా వాటి జోలికి పోలేదు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వస్తాయి. 2010లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని పోరాడి సోంపేట బీల అనే చిత్తడి నేలలను నిలబెట్టుకున్నది అక్కడి రైతులు, మత్స్యకారులే. మన దగ్గర పక్షి మనిషి పెరట్లోనే గూడు కడుతుంది, చుట్టూ కంచె వేసి కాపాడే వీలు లేదు. అందువల్ల ఇక్కడ సంరక్షణ అంటే ముందుగా ఊరివారితో నమ్మకంగా మాట్లాడగలగడం. మీ అమ్మాయి కోరుకుంటున్న పని సరిగ్గా ఇదే. జువాలజీ పట్టా ఒక్కటే దీనికి సరిపోదని చెప్పడానికే ఇంత వివరం ఇచ్చాను.

తాను చూసి వచ్చిన హేచరీనే ఉదాహరణగా తీసుకుందాం. ఆలివ్ రిడ్లే తాబేలు ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు రాత్రివేళ ఒడ్డుకు ఎక్కి, వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. ఇసుకలో పడిన జాడను బట్టి ఆ చోటు కనిపెట్టి, కుక్కలూ నక్కలూ తవ్వకముందే, తెల్లవారేలోగా ఆ గుడ్లను హేచరీకి చేర్చాలి. ఆలస్యమయ్యాక గుడ్డును అటూ ఇటూ తిప్పితే లోపలి పిండం దెబ్బతింటుంది. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడో మగో నిర్ణయమవుతుంది కనుక గొయ్యి లోతు, నీడ కూడా ముఖ్యమే. 45 నుంచి 60 రోజుల్లో పొదిగి బయటికి వచ్చిన పిల్లలు వెలుతురు ఎక్కువగా ఉన్న వైపుకు నడుస్తాయి. ఒడ్డున వీధిదీపం వెలుగుతుంటే సముద్రాన్ని వదిలి దాని వైపే పోతాయి.

ఇంతవరకు జీవశాస్త్రం. ఆ దీపాన్ని కొన్ని వారాల పాటు ఆర్పి ఉంచమని పంచాయతీని ఒప్పించవలసినది మనిషి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 వరకు ఉంటుంది, తాబేళ్లు గుడ్లకు వచ్చేది ఎక్కువగా దానికి ముందే. అంటే వలలో చిక్కి తాబేలు చనిపోకుండా చూడాలంటే, పడవ యజమానితో అతని నష్టం సంగతి కూడా కలుపుకొని, అతని ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడాలి. 2021 చివరా 2022 మొదట్లోనూ తేలినీలాపురంలో గూడబాతులు పెద్ద సంఖ్యలో చనిపోయినప్పుడు నులిపురుగులే కారణమని తేలింది. అటువంటి సమయంలో పక్షులు మేతకు వెళ్లే చేపల చెరువుల రైతులతో కూడా మాట్లాడగలవారు కావాలి. ఈ విద్య వచ్చినవారు చాలా తక్కువ, అందుకే వారికి విలువ ఉంది.

మనకు దగ్గరలోనే దీనికి మంచి నిదర్శనాలు ఉన్నాయి. ఇచ్ఛాపురం దాటితే వచ్చే గంజాం జిల్లాలో, రుషికుల్య నదీముఖం దగ్గర 1994లో తాబేళ్లు సామూహికంగా గుడ్లు పెడుతున్నట్టు గుర్తించిన తరువాత ఆ ఊళ్ల యువకులే రక్షణ కమిటీగా ఏర్పడ్డారు. చిలికా ఒడ్డున మంగళాజోడిలో ఒకప్పుడు పక్షులను వేటాడినవారే ఇప్పుడు సందర్శకులను పడవల్లో తిప్పి పక్షులను చూపిస్తూ బతుకుతున్నారు. మీరిద్దరూ వెళ్లి ఈ రెండు చోట్లూ చూసి రండి. నా మాటల కంటే అది మీకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

ఇక బీఈడీ సంగతి. ఈ విషయంలో మీకూ అమ్మాయికీ నిజానికి విభేదం లేదని నా అభిప్రాయం. పర్యావరణ విద్యా కార్యక్రమం నడపడమంటే పాఠం చెప్పడమే, తరగతి గది మాత్రం ఒడ్డున ఉంటుంది. బీఈడీ చేసి టెట్ గట్టెక్కితే డీఎస్సీ దారి తెరిచి ఉంటుంది, సంరక్షణ సంస్థల్లో విద్యా బాధ్యతలకు కూడా ఆ శిక్షణ పనికి వస్తుంది. కానీ నన్ను అడిగితే ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఎంఎస్‌డబ్ల్యూను (సమాజసేవలో పీజీ) కూడా తప్పక పరిశీలించమంటాను, ఎందుకంటే జువాలజీ తరువాత సమాజసేవ శాస్త్రం చదివినవారు ఈ రంగంలో అరుదు. పరిశోధన మీద మనసుంటే డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లోనూ వన్యప్రాణుల మీద ఎమ్మెస్సీ ఉంది. రెండింటికీ ప్రవేశ పరీక్షలో పోటీ తీవ్రంగా ఉంటుంది.

జీతం విషయంలో మీ ఆందోళన న్యాయమైనదే. స్వచ్ఛంద సంస్థల్లోనూ ప్రాజెక్టుల్లోనూ మొదట్లో జీతం తక్కువ, పైగా నిధులు ఉన్నంతవరకే ఉద్యోగం. అందుకే అటవీశాఖ పరీక్షలకు సమాంతరంగా సిద్ధం కావాలి. జువాలజీ డిగ్రీతో ఏపీపీఎస్సీ బీట్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ పోస్టులకూ, యూపీఎస్సీ ఫారెస్ట్ సర్వీసుకూ దరఖాస్తు చేయవచ్చు. ఏపీపీఎస్సీ పోస్టులకు మహిళలు నాలుగు గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలి కనుక ఇప్పటినుంచే రోజూ నడవడం మొదలుపెట్టమనండి.

రాత్రిపూట పని గురించి దాచకుండా చెబుతాను. తాబేళ్ల కాలంలో గస్తీ ఉంటుంది. ఒంటరిగా పంపే చోట చేరవద్దని మీరు గట్టిగా చెప్పండి. అటవీ సిబ్బందితో, స్థానిక మత్స్యకార కుటుంబాల వారితో కలిసి జట్టుగా వెళ్లే ఏర్పాటు ఉందో లేదో చేరేముందే అడిగి తెలుసుకోవాలి. బడులు, పంచాయతీలు, చెరువు రైతులతో జరిగే కార్యక్రమాలు మాత్రం పగటి పనులే, మీ అమ్మాయి కోరుకుంటున్న పనిలో అధిక భాగం అవే.

డిగ్రీ పూర్తయ్యేలోగా తాను చేయవలసినవి కూడా ఉన్నాయి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొనాలి. చూసిన పక్షులను తేదీ, చోటు, సంఖ్యతో పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో రాస్తూ ఉండాలి. హేచరీ ఉన్న ఊరి బడిలో ప్రధానోపాధ్యాయుల అనుమతితో తాబేళ్ల గురించి ఒక్క తరగతైనా తానే స్వయంగా తీసుకోవాలి. ఆ రోజు మీరు కూడా వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. పిల్లలు అడిగే ప్రశ్నలకు తాను ఎలా జవాబు చెబుతోందో చూశాక, బీఈడీయా ఎంఎస్‌డబ్ల్యూయా అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవచ్చు.