పాత ఆటలు, అసలు గొంతులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే సంగతి గురించి ఉన్నాయి. మిగతావి పక్కనపెట్టి వాటినే తీసుకున్నాను. హనుమకొండలో రికార్డింగు గది నడుపుతున్నవాడిగా నాకు చాలా ఇష్టమైన విషయం ఇది.

*కాజీపేట హాస్టల్లో ఉంటూ చదువుకునే రోజుల్లో కంప్యూటర్లో ఆడిన అడ్వెంచర్ ఆట మెరుగుపరచిన రూపంలో వస్తే ఈమధ్య కొన్నాను. బొమ్మలు తళతళలాడుతున్నాయి. మాటలు మాత్రం కుండలో తలపెట్టి మాట్లాడినట్లే ఉన్నాయి. బొమ్మను బాగుచేసినవారు గొంతును ఎందుకు వదిలేశారు?*
– ఒక అధ్యాపకుడు, హనుమకొండ

కావాలని వదిలేసి ఉండరండీ. అసలు రికార్డింగు వారి చేతికి దొరికి ఉండదు. బొమ్మను చిత్రకారుడు మళ్లీ గీయగలడు. నటుడు ఆ రోజు పలికిన పలుకును మళ్లీ తెచ్చేవారు లేరు.

లెక్క చూడండి. సీడీ నాణ్యతతో ఒక్క గొంతును దాచాలంటే సెకనుకు 44,100 నమూనాలు (అంటే ధ్వనిని అన్నిసార్లు కొలిచి రాసుకున్న అంకెలు), ఒక్కో నమూనాకు 16 బిట్లు కావాలి. నిమిషానికి 5 మెగాబైట్లు దాటిపోతుంది. అప్పటి సీడీలో పట్టేది దాదాపు 650 మెగాబైట్లు. రెండు గంటల మాటలకే సీడీ నిండిపోతే బొమ్మలకు చోటెక్కడ? అందుకే చాలా ఆటల్లో మాటలను సెకనుకు 11,025 నమూనాలకు, 8 బిట్లకు కుదించారు. ఎనిమిదో వంతు స్థలం సరిపోయింది. కానీ ఆ పద్ధతిలో సుమారు 5,500 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దాటిన ధ్వని ఏదీ మిగలదు. ‘స’ అనే హల్లు పదునంతా ఎక్కువగా ఆ పైనే ఉంటుంది. ‘శ’ కొంత నిలుస్తుంది, ‘స’ మొద్దుబారి ‘ఫ’లా వినిపిస్తుంది. మీ చెవికి తగిలింది అదే.

అసలు టేపు దొరికితే కథే మారిపోతుంది. 1998లో వచ్చిన ‘గ్రిమ్ ఫాండాంగో’ను 2015లో మెరుగుపరిచినప్పుడు పాత దత్తాంశం నిల్వ టేపుల్లో ఉందని తేలింది. కానీ ఆ టేపులను చదివే యంత్రం కావాలి కదా! ఒకప్పుడు ఆ ఆటను తయారుచేసిన లూకాస్‌ఆర్ట్స్ సంస్థ ధ్వని విభాగంలో పనిచేసిన జోరీ ప్రమ్ అలాంటి యంత్రాన్ని భద్రంగా ఉంచుకున్నారు కాబట్టి ఆట ధ్వనులు బయటపడ్డాయి. ఆయన పేరు నేను గౌరవంతో తలుచుకుంటాను. సంగీతాన్ని మెల్‌బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కొత్తగా వాయించారు. 1997 నాటి ‘బ్లేడ్ రన్నర్’ ఆటకు అంత అదృష్టం దక్కలేదు. దాని మూల కోడ్ (ఆటను నడిపించేందుకు రాసిన ప్రోగ్రాము) పోయింది. పాత ఆటలను కొత్త కంప్యూటర్లలో నడిపించే ‘స్కమ్‌వీఎం’ సాఫ్ట్‌వేర్ స్వచ్ఛంద కార్యకర్తలు ఆట నడిచే తీరును విడమరచి చూసి, 2019 నాటికి దాన్ని మళ్లీ ఆడేలా చేశారు.

*మా మామయ్య 2000 ప్రాంతంలో మిత్రులతో కలిసి ఓరుగల్లు కోట నేపథ్యంగా తెలుగులో చిన్న అడ్వెంచర్ ఆట తయారుచేశారు. కథ చెప్పే గొంతు ఒక ఒగ్గు కళాకారుడిది. ఆయన ఇప్పుడు లేరు. ఆ ఆటను మేము మళ్లీ తయారుచేయాలనుకుంటున్నాం. సీడీ ఉంది. అటక మీద అప్పటి క్యాసెట్లు కూడా దొరికాయి, కొన్నింటికి తెల్లటి బూజు పట్టింది. ప్లేయర్‌లో వేసి చూడవచ్చా?*
– బి.టెక్. విద్యార్థి, పరకాల

ఇప్పుడే వద్దు బాబూ. బూజు పట్టిన క్యాసెట్ తిప్పితే ఆ బూజు ప్లేయర్ హెడ్‌కు, అంటే టేపును చదివే భాగానికి, అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. వాటిని వేరుచేసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూతగట్టి డబ్బాలో ఉంచు. ఎండలో మాత్రం పెట్టకు. బాగున్న వాటితో మొదలుపెట్టు. అన్నిటికంటే ముందు క్యాసెట్ వెనుక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయి. అప్పుడు పొరపాటున రికార్డు మీట నొక్కినా పాత గొంతు చెరగదు.

ప్లేయర్‌లో రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటే వేగం తప్పుతుంది. మీ దగ్గర పాత రేడియోలు బాగుచేసే మెకానిక్ ఉంటే బెల్టు మార్పించు. హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను ఆయన చేతే కొద్దికొద్దిగా తిప్పించి, ‘స’కారాలు, తాళాలు బాగా స్పష్టంగా వినిపించే చోట ఆపించు. ఆ తర్వాత 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో క్యాసెట్ మొదటి నుంచి చివరి వరకు కంప్యూటర్లోకి ఎక్కించు. దగ్గులు, మధ్యలో కబుర్లు, తప్పిన టేకులు ఏవీ కత్తిరించకు. బుసబుస తీయడమంతా నకలు మీదనే, అసలు ఫైలు మీద కాదు.

టేకులు చాలా ఉంటాయి, ఏది ఆటలో వాడారో ఎలా తెలుస్తుందని అడుగుతావేమో. అక్కడే సీడీ పనికొస్తుంది. అందులోని గొంతు నాసిరకమైనా ఎక్కడ ఆగారు, ఎక్కడ గుక్క తిప్పుకున్నారు అన్నది స్పష్టంగానే ఉంటుంది. దానితో పోలుస్తూ క్యాసెట్‌లోని అదే టేకును పట్టుకోవచ్చు. డోలు దెబ్బ ఉన్నచోట ఇంకా తేలిక, కంప్యూటర్ తెర మీద రెండు ధ్వనుల తరంగాల గీతలు కలవడం కంటికే కనిపిస్తుంది. మామూలు క్యాసెట్ సైతం 10,000 హెర్ట్జ్ వరకు ధ్వనిని మోయగలదు కాబట్టి సీడీలో పోయిన ‘స’ నీకు తిరిగి దక్కుతుంది. మామయ్యను పక్కన కూర్చోబెట్టుకో. ఏ మాటలు ఏ సన్నివేశానికో ఆయనకే తెలుసు.

కోటలో గాలి, పక్షుల చప్పుడు కొత్తగా కావాలంటే కీర్తితోరణాల దగ్గర తెల్లవారుజామున రికార్డు చేసుకో. పొద్దెక్కితే బండ్ల హారన్లు కలుస్తాయి.

*చెడిపోయిన పాత గొంతును కృత్రిమ మేధతో పూర్తిగా కొత్తగా పుట్టించవచ్చు కదా? టేపుల వెంట తిరగడం ఎందుకు?*
– ఒక పాఠకురాలు, కరీంనగర్

పుట్టించవచ్చమ్మా. కానీ యంత్రం ఇచ్చేది ఊహ, ఆ మనిషి పలికింది కాదు. పోయిన పౌనఃపున్యాల స్థానంలో అది తనకు తోచినవి నింపుతుంది. కన్నుమూసిన కళాకారుడి గొంతయితే కుటుంబం అనుమతి లేకుండా ముట్టుకోవడం అన్యాయం. టేపు నిజంగా దొరకకపోతే కొత్త నటులతో చెప్పించడం నాకు నచ్చిన దారి. 1993 నాటి ‘గేబ్రియల్ నైట్’ను 2014లో మళ్లీ తెచ్చినప్పుడు గొంతులన్నీ అలాగే కొత్తగా రికార్డు చేశారు. పాత గొంతు ఎంత గరగరగా ఉన్నా ఆటలోనే ఉంచి, కావాలన్నవారు మీట నొక్కి దానికి మారే వీలివ్వాలి. 2009లో ‘మంకీ ఐలండ్’ను కొత్త బొమ్మలతో తెచ్చినవారు 1990 నాటి పాత రూపాన్ని అలాగే ఒక మీట దూరంలో ఉంచారు.