బేస్‌మెంట్‌లో బార్ కట్టిస్తానంటున్నారు, ఏం చేయను?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. ఇద్దరు పిల్లలు, పెద్దవాడికి 14 ఏళ్లు. మావారు బేస్‌మెంట్‌లో హోమ్ పబ్ కట్టించాలని పట్టుబడుతున్నారు. కౌంటరు, సింకు, బీరు ట్యాపు, పెద్ద టీవీ. ఇంటి మీద లోను తీసుకుందామంటున్నారు. ఆయన వీకెండ్‌లో స్నేహితులతో తాగుతారు, గొడవ చేసే మనిషి కాదు. మా నాన్నగారు తాగుడుతోనే పోయారు. పెళ్లప్పుడు లివర్ జబ్బని మాత్రమే చెప్పాం. ఇప్పుడు నేను వద్దంటే ‘చాదస్తం’ అంటున్నారు. సమ్మర్‌లో అత్తమామలు కూడా వస్తున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీది చాదస్తం కాదమ్మా. తాగుడు వల్ల తండ్రిని పోగొట్టుకున్నవారికి సొంత ఇంట్లో బార్ అనగానే గుండె దడ రావడం సహజం. కానీ ఆ దడ ఎందుకో మీవారికి తెలియదు. ఆయన చెవిన పడుతున్నది ‘వద్దు’ అన్న ఒక్క మాటే.

పుట్టింటి పరువు కోసం ఇన్నేళ్లు దాచుకున్నారు. మన ఇళ్లలో చాలామంది ఆడపిల్లలు చేసేది అదే, మిమ్మల్ని తప్పుపట్టను. అయినా లోను కాగితాల మీద సంతకం పెట్టేలోపు ఆయనకు చెప్పేయండి. పిల్లలు పడుకున్నాక, ఆయన తాగని రోజు చూసి కూర్చోండి. నాన్నగారు ఎలా పోయారో, అమ్మ ఏం పడిందో, చిన్నప్పుడు మీరేం చూశారో చెప్పండి. బార్ ప్రస్తావన ఆ రోజు తేకండి. విని ఆయన మౌనంగా ఉండిపోయినా కంగారుపడొద్దు. ఇన్నేళ్లుగా తెలియని సంగతి, మనసుకు పట్టడానికి కొంత టైం కావాలి.

తర్వాత ఆయన మాట వినండి. చలికాలమంతా ఇల్లు, ల్యాప్‌టాప్, మీటింగులు. అక్కడి మన మగవాళ్లలో చాలామంది మందు కంటే మనుషుల కోసమే మొహం వాచి ఉంటారని నా అభిప్రాయం. మీవారిదీ అదే అయితే టీవీ, క్యారమ్స్, నలుగురు కూర్చునే సోఫాలతో గది కట్టించుకోండి, అప్పు తగ్గించుకుని.

బీరు ట్యాపుకు మాత్రం నేను గట్టిగా వద్దంటాను. ట్యాపుకు తగిలించే బీరు పీపాను కెగ్ అంటారు. చిన్న కెగ్‌లోనే దాదాపు 19 లీటర్లు ఉంటుంది, అంటే 50కి పైగా గ్లాసులు. తెరిచాక పాడవుతుందేమోనన్న తొందరలో వీకెండ్ అలవాటు బుధవారానికి పాకుతుంది.

ఆయన ఇప్పుడు ఎంత తాగుతున్నారో మీరు రాయలేదు. అమెరికా లెక్కలో 355 మి.లీ. మామూలు బీరు లేదా 44 మి.లీ. విస్కీ ఒక డ్రింక్. ఇంట్లో చేత్తో పోసుకునే పెగ్గు చాలాసార్లు అంతకంటే పెద్దదే. మగవాళ్లు ఒక రోజులో 5 గానీ, వారంలో 15 గానీ, ఆపైన గానీ తాగితే అక్కడ మితిమీరిన తాగుడు కింద లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ‘ఆడిట్’ అనే 10 ప్రశ్నల పరీక్ష ఉంది. దాన్ని ఆయనే నింపుకోవాలి, మీరు పక్కన నిలబడి మార్కులు వేయకండి. స్కోరు 8 లేదా అంతకు మించితే కౌంటరు పని ఆపి ముందు డాక్టర్ని కలవాలి.

ఇంకొకటి ఆయనకు తప్పకుండా చెప్పండి. మత్తెక్కిన అతిథి కారు నడుపుతాడని తెలిసీ ఇంకా పోస్తే, జరిగిన ప్రమాదానికి ఇంటివారూ బాధ్యులేనని 1984లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ‘కెల్లీ వర్సెస్ గ్విన్నెల్’ కేసులో తీర్పిచ్చింది. వచ్చేవాళ్లలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లుంటే, తాగి నడిపి అరెస్టైతే వీసాయే రద్దు కావచ్చు. తాగినవాళ్లు ఆ రాత్రి మీ ఇంట్లో పడుకోవాలి, లేదా ఉబర్‌లో వెళ్లాలి.

సీసాలు ఎక్కడున్నా తాళం వేసిన అలమారాలో ఉండాలి. 14 ఏళ్ల పిల్లవాడు, వాడి స్నేహితులు తిరిగే ఇల్లది. అత్తమామలకు ఏం చెప్పాలన్నది మీవారి పని, ఆ భారం మీరు నెత్తిన వేసుకోకండి.

మీ గురించి కూడా అడగాలని ఉంది. నాన్నగారి సంగతి ఇప్పటిదాకా ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడారా? తాగేవారి కుటుంబసభ్యుల కోసం అల్‌-అనాన్ అనే బృందాలున్నాయి, ఆన్‌లైన్‌లోనూ కలుస్తారు. తాగుబోతు తండ్రుల దగ్గర పెరిగినవాళ్లూ వస్తుంటారు. ఆయన ఏం నిర్ణయించుకున్నా, మీరు ఈ వారమే ఒక సమావేశానికి వెళ్లండి.