ప్లే చేస్తే శుభ్రంగా ఉంది, రెండర్ చేస్తే టక్ టక్: బఫర్ వదిలేసి ఇవి చూడండి

బరంపురం నుంచి మీరు అడిగింది ఇదీ: ఠాకురాణి యాత్ర (మీ ఊరి అమ్మవారి జాతర) కోసం తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి, రెండు పాటలు రీపర్ (కంప్యూటర్లో పాటలు రికార్డు చేసి కలిపే సాఫ్ట్‌వేర్)లో చేశారు. ప్లే చేస్తే బాగుంటోంది. రెండర్ చేసిన, అంటే పాటంతా కలిపి ఒకే ఫైలుగా రాసిన వేవ్ ఫైల్లో మాత్రం అక్కడక్కడ టక్ మంటోంది, ఒకట్రెండు చోట్ల హార్మోనియం స్వరం సగంలో తెగిపోతోంది. అందరూ చెప్పారని బఫర్ (సౌండ్ కార్డుకి ఒక విడతలో అందించే శబ్దం ముక్క సైజు) 256 నుంచి 1024కి, తర్వాత 2048కి పెంచారు. ఏమీ మారలేదు.

మారదండి. మాది పర్లాకిమిడి. ఇంట్లోనే చిన్న గది పెట్టుకుని భజన బృందాలకి, పెళ్ళి పాటలకి రికార్డింగ్ చేస్తాను. ఏరు దాటి పాతపట్నం వైపు నుంచి తప్పెటగుళ్ళ వాళ్ళు కూడా వస్తుంటారు. ఈ బాధ నా దగ్గరికి వచ్చిన ప్రాజెక్టుల్లో చాలాసార్లు చూశాను. ప్రతిసారీ మొదటి సలహా ‘బఫర్ పెంచు’ అనే. ఆ సలహా వేరే ఇబ్బందికి పనికొస్తుంది, దీనికి కాదు.

బఫర్ సంగతి సౌండ్ కార్డుకి సంబంధించింది. 48000 శాంపుల్ రేటులో (శబ్దాన్ని సెకనుకి 48000 సార్లు కొలిచే లెక్క) 256 బఫర్ అంటే 5.3 మిల్లీసెకన్ల గడువు. అంతలోపు కంప్యూటర్ తర్వాతి ముక్క తయారుచేసి అందించకపోతే స్పీకర్లో చిటపట వినిపిస్తుంది. 1024 పెడితే గడువు 21 మిల్లీసెకన్లు అవుతుంది, ఊపిరి ఆడుతుంది. కానీ మీరు చేస్తున్నది ఫుల్ స్పీడ్ ఆఫ్‌లైన్ రెండర్, అంటే పాటని వినిపించకుండా కంప్యూటర్ తనకి చేతనైనంత వేగంగా ఫైల్లోకి రాసేయడం. అందులో సౌండ్ కార్డు ప్రమేయమే లేదు, గడువూ లేదు. పాత లాప్‌టాప్ అయితే రెండర్ ఎక్కువసేపు పడుతుంది, అంతే. నిదానంగా చేసినంత మాత్రాన టక్ రాదు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: టక్ ప్రతి రెండర్లోనూ ఒకే చోట వస్తోందా, చోటు మారుతోందా? చెవితో కాదు, ఇలా చూడండి. ఏ సెట్టింగూ మార్చకుండా పాటని రెండుసార్లు రెండర్ చేయండి. రెండు ఫైళ్ళనీ కొత్త ప్రాజెక్టులో రెండు ట్రాకుల మీద, ఒకే మొదలు నుంచి పెట్టండి. ఒక ట్రాకుకి ఫేజ్ బటన్ (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి ప్లే చేయండి. రెండూ అచ్చంగా ఒకటే అయితే పూర్తి నిశ్శబ్దం. తేడా ఉన్నచోట మాత్రమే శబ్దం మిగులుతుంది. కోరస్ లాంటి ఎఫెక్టులు ఉన్నా, ఒకే స్వరానికి రకరకాల శాంపుళ్ళు (ముందే రికార్డు చేసి పెట్టిన స్వరాలు) మార్చి వాయించే వాయిద్యం ఉన్నా వెనకాల సన్నగా ఏదో వినిపిస్తూనే ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. హఠాత్తుగా టక్ మన్నదీ, ఒక స్వరం విడిగా పైకి తేలిందీ, అవే మనకి కావాలి. ఇదే సమయంలో ఆ ఫైల్‌ని ఫోన్లోకి ఎక్కించి కూడా వినండి. అక్కడ టక్ లేకపోతే ఫైల్ బాగానే ఉంది, లాప్‌టాప్‌లో ప్లే చేసే దగ్గరే తేడా.

చోటు మారుతోందీ అంటే నా అనుమానం నేరుగా శాంప్లర్ (శాంపుళ్ళతో వాయిద్యం వాయించే సాఫ్ట్‌వేర్) మీదికే పోతుంది. మీరు స్వరం తెగిపోతోందని రాశారు కాబట్టి మీదీ అదే అయ్యుండొచ్చు. హార్మోనియం, తబలా, సన్నాయి లాంటి పెద్ద శాంపుల్ లైబ్రరీలు మొత్తం ర్యామ్‌లోకి ఎక్కవు. ప్రతి స్వరం మొదట్లోని కొద్ది భాగాన్నే ర్యామ్‌లో ఉంచి, మిగతాది వాయిస్తుండగా డిస్కు నుంచి తెచ్చుకుంటాయి. ప్లే చేసేటప్పుడు పాట తన వేగంలో నడుస్తుంది, డిస్కు అందుకుంటుంది. ఆఫ్‌లైన్ రెండర్లో నాలుగు నిమిషాల పాట అరనిమిషంలో అయిపోవచ్చు. అంటే డిస్కు ఎనిమిది రెట్ల వేగంతో అందించాలి. పంక్తిలో కూర్చున్నవాళ్ళు వడ్డించేవాడికన్నా వేగంగా తింటే ఆకు ఖాళీగా కనిపించినట్టే ఇదీ. మంచి శాంప్లర్ అయితే ఇది ఆఫ్‌లైన్ రెండర్ అని గుర్తుపట్టి, డేటా వచ్చేదాకా ఆగుతుంది. అన్నీ అలా ఆగవు. రాని ముక్క స్థానంలో నిశ్శబ్దం పెట్టి ముందుకు పోతాయి. ఆ తెగిన అంచే మీకు టక్‌గా వినిపిస్తుంది.

ఒక భజన బృందం పాటలో సరిగ్గా ఇదే జరిగింది. రెండో చరణంలో, హార్మోనియమూ తబలా జోరుగా సాగేచోట స్వరాలు ఊడిపోయేవి, ఒక్కో రెండర్లో ఒక్కోచోట. వాళ్ళు లైబ్రరీని యూఎస్‌బీ హార్డ్‌డిస్కు మీద పెట్టుకుని నడుపుతున్నారు. దాన్ని లాప్‌టాప్ లోపలి ఎస్ఎస్‌డీలోకి మార్చగానే చాలావరకు తగ్గింది. మిగిలినవి రెండర్ విండోలో ఫుల్ స్పీడ్ ఆఫ్‌లైన్ తీసేసి ఆన్‌లైన్ రెండర్ (పాట నడిచే వేగంలోనే రాసేది) పెట్టాక పోయాయి. నాలుగు నిమిషాల పాటకి నాలుగు నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి. శాంపుల్ వాయిద్యాలున్న ఏ పాటకైనా ఆఖరి రెండర్ నేను ఇప్పుడు ఇలాగే చేస్తాను. ఇలాంటివే వేరే సాఫ్ట్‌వేర్లు వాడితే, క్యూబేస్‌లో రియల్ టైమ్ ఎక్స్‌పోర్ట్ అనీ, లాజిక్‌లో బౌన్స్ చేసేటప్పుడు రియల్ టైమ్ అనీ ఇదే ఏర్పాటు ఉంటుంది.

అప్పటికీ అనుమానం తీరకపోతే శాంప్లర్ ట్రాకుకి రికార్డ్ మోడ్‌లో ‘అవుట్‌పుట్’ ఎంచుకుని, పాట నడుస్తుండగా ఆ ట్రాకుని ఆడియోగా రికార్డు చేసేయండి. నాకు అన్నిటికన్నా నమ్మకమైన దారి ఇది. మీ చెవి విన్నదే వేవ్‌గా మిగులుతుంది. తర్వాత శాంప్లర్‌ని ఆపేసి, ఆ వేవ్‌తోనే ఎంత వేగంగా రెండర్ చేసుకున్నా ఫరవాలేదు. ఈ దారిలో మాత్రం సౌండ్ కార్డు పని చేస్తుంది కాబట్టి మీ 1024 బఫర్ ఇక్కడ ఉంచండి, ఛార్జర్ పెట్టే చేయండి. వాన మొదలైతే మన వైపు కరెంటు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, బ్యాటరీ మీదికి పడగానే చాలా లాప్‌టాప్‌లు ప్రాసెసర్ వేగం తగ్గించేస్తాయి.

ఇక ప్రతిసారీ ఒకే చోట వస్తుంటే కథ వేరు. ముందు మాస్టర్ మీటర్ (మొత్తం పాట ఎంత గట్టిగా ఉందో చూపేది) చూడండి. తప్పెట గట్టిగా పడ్డచోటే టక్ వస్తుంటే అది క్లిప్పింగ్, అంటే శబ్దం హద్దు దాటి శిఖరాలు తెగిపోవడం. రీపర్ లోపల లెక్కలు ఫ్లోటింగ్ పాయింట్‌లో (హద్దు దాటిన అంకెలనీ పట్టుకోగల పద్ధతి) జరుగుతాయి కాబట్టి సున్నా డెసిబెల్ దాటినా లోపల ఏమీ చెడదు. 16 బిట్, 24 బిట్ వేవ్‌గా రాసేటప్పుడు మాత్రం దాటిందంతా కోసుకుపోతుంది. మరి ప్లే చేసినప్పుడు ఎందుకు బాగుంది అంటారా? ఏసియో డ్రైవర్ (సౌండ్ కార్డుతో నేరుగా మాట్లాడేది) లేకుండా మామూలు విండోస్ ఆడియో మీద వింటుంటే, ఆ దారిలో విండోస్ సొంత లిమిటర్ ఒకటి ఉంటుంది. మీకు తెలియకుండానే అది శిఖరాలని అణిచి వినిపిస్తుంది. రెండర్‌కి ఆ సాయం ఉండదు. మాస్టర్ తగ్గించండి, లిమిటర్ పెడితే హద్దు మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఉంచండి. ఎంపీత్రీగా మార్చినప్పుడు శిఖరాలు ఇంకాస్త లేస్తాయి, ఆ కాస్త చోటు దానికోసం.

మీటర్ బాగానే ఉంటే గొంతు ట్రాకులో కత్తిరించి అతికించిన చోట్లు చూడండి, ప్రతి అతుకు దగ్గరా 5 నుంచి 10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతూ ఇంకోటి పెరుగుతూ కలవడం) చాలు. పాట మొట్టమొదటి స్వరం ఒక్కటే ఊడిపోతుంటే శాంపుల్ రేటు చూడండి. ప్రాజెక్టు 44100లో నడుస్తూ రెండర్ 48000లో అడిగితే, రెండర్ మొదలవగానే ప్లగిన్లు (రీపర్‌కి తగిలించుకున్న వాయిద్యాలు, ఎఫెక్టులు) కొత్త రేటుకి మారాల్సి వస్తుంది. కొన్ని అప్పుడు శాంపుళ్ళు మళ్ళీ లోడ్ చేసుకుంటాయి, ఈలోగా పాట మొదలైపోతుంది. రెండూ ఒకటే పెట్టి, వీడియో కోసం 48000 కావాలంటే ఆఖర్న ఆ వేవ్‌ని మార్చుకోండి. పాట చివర రివర్బ్ (ప్రతిధ్వని) టప్‌మని తెగితే రెండర్ విండోలో టెయిల్ (పాట అయ్యాక మిగిలే తోక) టిక్ చేసి రెండు మూడు సెకన్లు ఇవ్వండి.

ఇవేవీ కాకపోతే ప్లగిన్లని సగం సగం ఆపుతూ, టక్ వచ్చే పది సెకన్ల ముక్కనే ఎంచుకుని రెండర్ చేస్తూ పోండి. పాటంతా అక్కర్లేదు, కాసేపట్లో దొరికిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారి వచ్చిన ప్లగిన్లుంటే మొదట వాటినే ఆపండి.

ఇన్వర్టర్ మీద రికార్డు చేసిన గొంతులో గుయ్‌మనే శబ్దం ఉంటే అది టేకులోనే ఉన్నట్టు, రెండర్ ఎలా చేసినా పోదు.

ఆ రెండు ఫైళ్ళ పరీక్ష చేసి, మిగిలిన శబ్దాలు ఏ నిమిషం దగ్గర వచ్చాయో, ఆ సమయానికి ఏ వాయిద్యం వాయిస్తోందో ఇక్కడే రాయండి. యాత్రకి మైకు సెట్టు వాళ్ళకి ఇచ్చేటప్పుడు ఎంపీత్రీ కాకుండా 24 బిట్ వేవ్ ఇవ్వండి, అయిదు నిమిషాల పాట 48000లో 86 ఎంబీ దాకా అవుతుంది.